మైనం దారం

సుల్తాన్ బజార్ వెనక సందుల, మెట్ల కింద
ఒక బైండింగ్ కార్ఖానా.
నేను అచ్చుతప్పులు చూసేదాన్ని.
అండాలు ఫారాలు కుట్టేది.
పుట్టు చెవుడు ఆమెకు.

జిగురు డబ్బా పక్కన రేడియో ఉండేది,
మూతి మీద ఎండిన మైదాపిండితో.
మా ఇద్దరిలో
నాకొక్కదానికే మోగేది.

ఒక మధ్యాహ్నం నా కండ్లు తడవడం చూసింది.
ఏందన్నట్టు గడ్డం ఎగరేసింది.
రేడియో చూపించిన.
రాయమంది.

పాడైన ఫారం వెనక, ఎర్ర పెన్నుతో రాసిన:
"నువ్వు పిలవని పొద్దు పొద్దే కాదు."

రాసినంక చూస్తే ఎంత చిన్నగుంది!
వయొలిన్లు లేవు, వాన చప్పుడు లేదు,
అయిదు మాటలు, ఒక చుక్క.
నా ఏడుపుకు ఇంత తక్కువ సరుకా అని
నాకే సిగ్గైంది.

అండాలు రెండుసార్లు చదివింది.
చెవి మీద పెట్టుకున్న పెన్సిల్ తీసి
(ఆ చెవికున్న పని అదొక్కటే)
కింద రాసింది:
"నన్ను ఎవ్వరు పిలవరు. భుజం తడతరు.
నాకు రోజూ పొద్దు అయితనే ఉంది."

మళ్ల కుట్టుకుంట కూసుంది,
నాకేదో లెక్క సరిచేసి ఇచ్చినట్టు.

ఆ పాట రాసినాయన ఎవరో గాని
లోకంలో అందరికీ చెవులున్నయనే ధీమాతో రాసిండు.
నేను అంతకన్నా ధీమాగా
అది నా సొంత కష్టమనుకున్న,
ఒక మనిషి నన్ను పిలవడం మానేసిన కష్టం.
నిజం చెప్పాలంటే ఆయన పిలిచేటోడే,
"ఏయ్" అని.
పేరు పెట్టి పిలవమని పాట అడగలేదు.
నేనూ అడగలేదు.

వారం తిరగకముందే ఆ పాట మళ్లొచ్చింది.
ఈసారి పాడినట్టే రాద్దామని
"పిలవనీ... ఈ... ఈ..." అని చుక్కలు పెట్టిన.
అచ్చుతప్పనుకుంది.
నేను నేర్పిన గుర్తుతోనే కొట్టేయబోయింది.
కాదు కాదని
రెండు చేతులతో గాలిని సాగదీసిన.

అప్పుడు అండాలు
మైనం రాసిన దారం ఫారంలోంచి లాగింది,
మెల్లగ, ఇంకా మెల్లగ,
బల్ల అంచు దాటి, తన చెయ్యి పొడుగంతా,
తెగుతదేమోనని నా ఊపిరి ఆగేదాక.
ఇట్లనా? అన్నట్టు చూసింది.

ఇట్లనే.
నలభై ఏండ్లు పాటలు విన్నదాన్ని,
రాగం అంటే ఏందో ఆ బల్ల కాడ చూసిన.

ఇంక రోజుకొక పాట రాసిచ్చుడు.
ప్రాణమిస్తా అన్నవి వారానికి తొమ్మిది.
"ఎవరన్న ఇచ్చిన్రా?" అని రాసింది.
వెన్నెల్లో మునిగినం అంటే
"ఈత రాదా?"
నవ్వి నవ్వి ఒక చందాల పుస్తకంలో
రెండు తప్పులు వదిలేసిన.
సేటు తిట్టిండు, నన్నొక్కదాన్నే.
ఆమెను తిట్టి లాభం లేదని ఆయన నమ్మకం.

ఒక్క కాయితం మాత్రం తిరిగియ్యలేదు.
ఎవరికీ గుర్తు లేని పాట, పల్లవి కూడా కాదు,
మూడో చరణంలో ఎక్కడో:
"అన్నం చల్లారింది, తలుపు తీసే ఉంది."
చాలాసేపు చూసింది.
మడత పెట్టి, జిగురు రాసి,
కుడుతున్న ఖాతాబుక్కు అట్ట లోపల
అస్తరు కాయితం కింద అతికేసింది.
ఆబిడ్స్‌ల ఏ బట్టల దుకాణం గల్లా పక్కనో
అరువు లెక్కల వీపుకు అంటుకొని
ఆ తలుపు ఇంకా తీసే ఉంటది.

కార్ఖానా మూతపడి ఆరేండ్లు.
అండాలు వాళ్ల చెల్లె దగ్గర, బోరబండ దిక్కు ఉందన్నరు.
పోవాలె, పోవాలె అనుకుంట.
ఫోన్ చేద్దామంటే, ఏమని చెయ్యాలె?

పొద్దున చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీద
బస్సు ఆగిపోయి, మూసీ వాసనలో
ఎవరి సెల్లులోనో ఆ పాటొచ్చింది.
"పిలవనీ" దగ్గర దారం సాగుతుంటే
నా కుడి భుజం దానంతటదే కొంచెం లేసింది.

వెనక సీటామె అడిగింది:
"దిగుతవా అక్కా?"
లేదమ్మా, అన్న.
మలక్‌పేట ఇంకా రాలేదు.